రెండు పుట్టుమచ్చలు

గడప దగ్గర నాయన చెప్పులు విప్పాడు గానీ లోపలికి పోలేదు. పోడని నాకు ముందే తెలుసు. పట్టుపురుగులు పెంచే మనిషి ఇంకొకరి పురుగుల షెడ్డులో కాలు పెట్టడు, ఒక షెడ్డు దుమ్ము ఇంకో షెడ్డుకు రోగం మోసుకుపోతుంది. సదుం దగ్గర మా ఊళ్లో అయినా, కుప్పం దగ్గర ఈ ఊళ్లో అయినా అదే పద్ధతి. అది తెలిసే కాబోలు, నేను విషయం చెప్పగానే నా క్లాసు పిల్ల జాహ్నవి తండ్రి నంజప్ప లేచి వెళ్లి షెడ్డులో దూరాడు, తన వెనక ఎవరూ రాలేరని. లోపల పురుగులు ఆకు తింటున్న చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది, నాలుగో జ్వరం లేచి మూడు రోజులై ఉంటుంది, ఆ ఈడు పురుగులే ఇంత చప్పుడు చేస్తాయి. తోలు విడవడానికి ముందు పురుగు మేత మానేసి తల ఎత్తి కదలకుండా ఉండిపోతుంది, దాన్నే మేము జ్వరం అంటాము, నాలుగుసార్లు వస్తుంది, ఇవన్నీ నాకు అక్షరాలకంటే ముందు వచ్చిన చదువు. ఇప్పుడు పదకొండు దాటింది, ఆదివారం, నాయన నెత్తిన ఎండ. నేనూ జాహ్నవీ కానుగ చెట్టు కింద రాతిబండ మీద. నా సంచిలో జాహ్నవి పదో తరగతి పరీక్ష ఫారం ఉంది. రేపే ఆఖరు రోజు. అడుగున తండ్రి సంతకం కావాలి. నంజప్ప సంతకం పెడితే ఈ పిల్ల మార్చిలో పరీక్ష రాస్తుంది, పెట్టకపోతే రేపటి నుంచి తోటలో ఆకు కోస్తుంది. ఈ గంటలో తేలవలసింది అదొక్కటే, కానీ నా మనసు ఒకచోట నిలవడం లేదు, అటూ ఇటూ పోయి వస్తోంది.

జాహ్నవి మల్బరీ పుల్లతో బండ మీద గీతలు గీస్తోంది. పుల్ల విరిగింది. ఇంకోటి తీసుకుంది. నేను కుప్పం హైస్కూల్లో కంప్యూటర్ టీచరుగా చేరి రెండేళ్లు. పదకొండు కంప్యూటర్లు, కరెంటు ఉంటే అందులో ఆరు పనిచేస్తాయి. ఏ క్లాసుకైనా నా మొదటి పాఠం కంప్యూటరు ముట్టుకోకుండానే అయిపోతుంది. బోర్డు మీద ఒక ఫారం గీస్తాను, పేరు, తండ్రి పేరు, ఊరు, బడి, పుట్టిన తేదీ. నింపండి అంటాను. కొట్టివేత ఒకటి లేకుండా నింపుతారు, మా పిల్లలకు ఫారం అంటే అదొక పరీక్ష. నింపాక, ఇవన్నీ అడిగిందెవరు అంటాను. మీరే గదా మేడం అంటారు. నేను కాదు, బోర్డు అడిగింది, బోర్డు వెనక ఎవరున్నారో చూశారా అంటాను. అప్పుడు ఒక్కొక్క గడీ వాళ్ల చేతే చెరిపిస్తాను. ఈ వారం పదో తరగతికి ఆ పాఠమే మళ్లీ చెప్తే క్లాసంతా చెరిపింది, ఒక్క జాహ్నవి చెరపలేదు. బెల్లు కొట్టినా లేవలేదు. అందరూ వెళ్లాక నోట్సులో తల పెట్టుకునే అడిగింది, "మేడం, ముందే నింపేసుంటే ఎట్ల చెరపాల?" ఆ మాటకు నా చేతిలో సుద్దముక్క ఉన్నట్టుండి బరువెక్కింది. బస్టాండు దగ్గర నెట్ సెంటర్లో స్నేహితులతో కలిసి పేజీ తెరిచిందట, యూనిఫారంలో ఫోటో, బడి పేరు, సెక్షన్ కూడా పెట్టిందట. బెంగుళూరులో నర్సింగ్ చదువుతున్న అక్కనని ఎవరో పలకరించారు, నెల రోజులు బాగా మాట్లాడారు, తర్వాత తెలిసింది అక్క కాదని. ఇంకో ఫోటో పంపు, లేదంటే నీ మొహాన్ని వేరే బొమ్మకు అతికించి మీ నాయనకు పోస్టు చేస్తా అన్నాడు వాడు. "చచ్చిపోదామనుకున్న్యా మేడం," అని ఎంత మామూలుగా చెప్పిందంటే, హోంవర్కు మర్చిపోయానన్నట్టు. ఆ రోజే ఇద్దరం కూర్చుని వాడు రాసినవన్నీ ప్రింటు తీశాం, తర్వాత పేజీ మూసేశాం. పోలీస్ స్టేషన్లో కాగితం ఇవ్వాలంటే ఇంట్లో చెప్పాలి. "మా నాయనకు చెప్తే బడి మాన్పిచ్చేస్తాడు." మాన్పించడు, నేను చూసుకుంటాను అన్నాను. మాట ఇచ్చేశాను. ఇచ్చాక భయమేసింది. నేను చూసుకోగలిగిందేముంది, నన్నే ఇద్దరు మనుషులు చూసుకుంటే ఇంతదాకా వచ్చాను.

పేజీలు లేని కాలం అది, రెండు వేల ఒకటి. పుంగనూరు కాలేజీలో ఇంటర్ రెండో సంవత్సరం, నాకు పదహారు నిండాయి. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటిదాన్ని నేనే, కాబట్టి స్కాలర్‌షిప్ ఫారం, కులం సర్టిఫికెట్టు ఫారం, బస్సు పాసు ఫారం అన్నీ నేనే నింపుకునేదాన్ని, ఊళ్లోవాళ్లవి కూడా నింపిపెట్టేదాన్ని. గడి ఖాళీగా వదిలితే అర్జీ వెనక్కి వస్తుంది, ఇది నా ప్రాణానికి పట్టిన పాఠం. బజారువీధిలో ఖైరున్నీసక్క నెట్ సెంటర్, నాలుగు గదులు, ప్లైవుడ్ తలుపులు, గడియలు. ఎంసెట్ వివరాలు చూడాలని పోయినదాన్ని, పక్క గదిలో అమ్మాయి చూపిస్తే చాటింగులోకి పోయాను. శ్వేత అని ఒకమ్మాయి, తనూ ఇంటర్ అంది. మీ గురించి చెప్పు అంది. నేను చెప్పాను. ఎట్లా చెప్పాను! పేరు, తండ్రి పేరు, గ్రామం, పోస్టు, మండలం, జిల్లా, పిన్‌కోడు. పుట్టిన తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ. అంతటితో ఆగానా, పదో తరగతి సర్టిఫికెట్టులో ఏ వరసలో ఉంటాయో ఆ వరసలోనే వేళ్లు పోయాయి, గుర్తింపు చిహ్నాలు అని రాసి, ఒకటి, ఎడమ మోచేతి మీద పుట్టుమచ్చ, రెండు, కుడి దవడ కింద పుట్టుమచ్చ. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ రోజు ఎంత తృప్తిగా ఉండిందో, ఒక్క గడీ ఖాళీ వదల్లేదని. మూడు వారాల తర్వాత శ్వేత శ్వేత కాదు. శుక్రవారం కుప్పం స్టేషనుకు ఒక్కదానివే రా, బెంగుళూరు బండిలో దిగుతా, రాకపోతే మీ నాయనకు ఉత్తరం రాస్తా, నీ ఒంటి మీద మచ్చలు ఎక్కడెక్కడున్నాయో నాకు తెలుసని రాస్తా, తెలుసునంటే ఎట్లా తెలుసునో మీ ఊరే ఊహించుకుంటుంది అన్నాడు. అంతే. ఒక్క మోచేయి, ఒక్క దవడ, లంగా ఓణీ వేసుకున్న ఎవరికైనా కనిపించేవే, అయినా ఆ మాట తెరమీద చూసేసరికి నేను ఊరంతటి ముందూ తలవంచుకుని నిలబడ్డట్టు ఒళ్లు చల్లబడిపోయింది.

"మేడం, మీ నాయన కూచోకుండా నిలబడే ఉండాడే," అంది జాహ్నవి. ఉంటాడు. నాయన అట్లాగే నిలబడతాడు, బ్యాంకులో, కాలేజీ ఆఫీసులో, ఇప్పుడు ఇక్కడ. లోపలి నుంచి నంజప్ప గొంతు, "పో అప్పా, నీకేం తెలుసు, ఆడబిడ్డ పేరు బజార్న పడ్నాక బడి యాలప్పా?" నాయన ఏమన్నాడో వినపడలేదు. నాయనది చిన్న గొంతు. పురుగుల దగ్గర పెద్దగా మాట్లాడడు.

ఆ రోజు నెట్ సెంటర్లో రిజిస్టరు మీద వెళ్లే టైం రాసి సంతకం పెట్టాలి. నేను సంతకం పెట్టవలసినచోట "గ్రామం" అని రాశానట. ఖైరున్నీసక్క చూసి నవ్వబోయి, నా మొహం చూసి ఆగింది. నేను అడిగాను, అక్కా, కుప్పానికి బస్సు ఎన్ని గంటలకు? "కుప్పంలో ఎవురుండారే నీకు?" ఎవరూ లేరు. "ఎవురూ లేని ఊరికి బస్సు యాలమ్మా?" అంది, అంతే, నాకు ఏడుపు ఆగలేదు. ఆమె నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మళ్లీ ఆ కంప్యూటరు తెరిపించి అంతా చదివింది. చదువుతూ చదువుతూ పిన్‌కోడు దగ్గర ఆగి, "పిచ్చిదానా, వాడి దగ్గర రేషన్ కార్డుకు అర్జీ పెట్టుకున్నావా?" అంది. ఏడుస్తూనే నవ్వాను. ఆ నవ్వే నన్ను బతికించిందని ఇప్పటికీ అనుకుంటాను, ఎందుకంటే నేను చేసింది పాపం కాదు, తిక్కపని అని మొదటిసారి తెలిసింది అప్పుడే. అన్నీ ప్రింటు తీసింది. "ఇవి పారేయొద్దు. వాడు రాసింది వాడికే సాక్ష్యం." వాళ్లాయన ఘని బేరం కోసం మదనపల్లెకు పోయి ఉన్నాడు. ఆమె బురఖా వేసుకుని షట్టరు దించి, నాతోపాటు సదుం బస్సెక్కింది. దారిలో నేను, చెప్పొద్దక్కా, మా నాయన చంపేస్తాడు అంటుంటే, "మీ నాయన నన్ను చంపినాక గదా నిన్ను చంపేది, ముందు సీటు నాది," అంది. ఎవరి బిడ్డనని ఆమె అంత దూరం వచ్చింది? నేను ఆమెకు వారానికి ఒక గంట కూర్చునే గిరాకీని. ఆమె అట్లా రాకపోతే నేను శుక్రవారం పలమనేరు మీదుగా ఈ కుప్పానికే వచ్చి ఉండేదాన్ని. ఈ ఊరి రైలు స్టేషనులోనే ఒక్కదాన్నే నిలబడి ఉండేదాన్ని. ఇప్పుడు ప్రతి నెలా జీతం తీసుకుంటున్న ఈ ఊళ్లోనే. ఆ మాట ఒక్కోసారి ప్లాట్‌ఫారం మీద నడుస్తుంటే గుర్తొచ్చి, కాళ్లు కాసేపు ఆగి మళ్లీ నడుస్తాయి.

మా ఇంటి ముందు ఆమె కూడా గడప బయటే నిలబడింది. నాయన షెడ్డులోంచి వచ్చాడు, చేతుల నిండా ఆకు. ఆమె అన్న మొదటి మాట, "తప్పు నాదన్నా. నా అంగట్లో గదులకు తలుపులు పెట్టింది నేను, పిల్లలు ఏం జూస్తాండారో సూడంది నేను. మీ బిడ్డ అడిగినదానికల్లా జవాబు చెప్పింది, అంతే." అని, ప్రింట్లు తీసి వాడి బెదిరింపంతా చదివి వినిపించింది. అమ్మ నాగమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాయన ఆకు కింద పెట్టాడు. నేను మేత మానేసిన పురుగులాగా తల ఎత్తి కదలకుండా ఉన్నాను. తర్వాత నాయన ట్రంకుపెట్టె తెరిచి నా పదో తరగతి సర్టిఫికెట్టు తెచ్చి ఆమెకు ఇచ్చాడు. నాయనకు సంతకం ఒక్కటే వచ్చు. "ఆ మచ్చలు ఇందులో ఉండాయా అమ్మా?" ఉన్నాయన్నా అంది. "చదువు." ఆమె ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పింది, ఎడమ మోచేయి, కుడి దవడ. "రెండే గదా?" రెండే. "సర్కారోళ్లే రాసి, ముద్రేసి ఇచ్చినారు. ఊర్లో ఆఫీసులన్నీ సూసినాయి. ఇంక దీన్ని పెట్టి నన్ను బెదిరిచ్చేదేముండాది వాడు?" అన్నాడు. అని, నా వైపు తిరిగి, "తిన్నావా మ్మా?" అన్నాడు. అంతే అన్నాడు. ఆ రెండు మచ్చలు ఆ క్షణంలోనే మళ్లీ మామూలు మచ్చలైపోయాయి. ముగ్గురం మర్నాడు పుంగనూరు పోలీస్ స్టేషనుకు పోయి ప్రింట్లు ఇచ్చాము. వాణ్ణి పట్టుకున్నారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఉత్తరం మాత్రం వచ్చింది, పదిరోజులకు. నాయన విప్పకుండానే తీసుకుపోయి అదీ స్టేషన్లో ఇచ్చి, నా బస్సు పాసు కొత్తది తీసుకుని వచ్చాడు. తర్వాతి వారం నెట్ సెంటరుకు పోతే గదులకు తలుపులు లేవు, తెరలన్నీ ఖైరున్నీసక్క కుర్చీవైపు తిరిగి ఉన్నాయి. గిరాకీ సగం పడిపోయిందని ఘనిభాయ్ సణుగుతుంటే, "పోనీ, తలుపులకోసం వచ్చేటోళ్లు తలుపుల అంగడికి పోతారు," అంది. నేను డిగ్రీ చదవడానికి మదనపల్లెకు పోయినప్పుడు నా మొదటి ఈమెయిలు ఆమే తెరిపించింది, పేరు గడిలో సగం పేరు రాయించి, మిగతావి ఖాళీ వదిలించింది. ఖాళీ వదలొచ్చని, వదిలినా అర్జీ వెనక్కి రాదని, నాకు నేర్పింది ఆమే.

బయ్యమ్మవ్వ మజ్జిగ తెచ్చింది, జాహ్నవి నాయనమ్మ, చెవులు సరిగ్గా వినపడవు. "ఏమైందమ్మా టీచరమ్మా, ఇది ఫెయిలయిందా?" లేదవ్వా, ఇంకా పరీక్షే రాయలేదు. "ఫెయిలయితే అయింది పో, దానికింత దూరం నాయన్ను గూడా తోడుకోనొచ్చినారా? మా నంజడు మూడో తరగతి మూడుసార్లు చదివినాడు, ఎవురూ రాలేదు." జాహ్నవి ఈ వారంలో మొదటిసారి నవ్వింది, మజ్జిగ పొలమారింది. నేను వీపు తట్టాను. చెమటతో తడిసిన చిన్న వీపు. ఇంత చిన్నదేనా నేనూ అప్పుడు?

నిన్న ఫోన్లో నాయనకు చెప్పి, ఎట్లా మాట్లాడాలి నాయనా అని అడిగాను. నేనే వస్తాలే అన్నాడు. తెల్లారి మొదటి బస్సు పట్టి, పుంగనూరులో మారి, పలమనేరులో మారి, కుప్పం బస్టాండులో దిగి, మొహం కడుక్కుని నన్ను అడిగాడు, "అమ్మా, మన సంగతి చెప్పమంటావా ఆయప్పకు?" ఏడేళ్లలో ఆ సంగతి నాయన ఇంట్లో కూడా ఎత్తలేదు. నాకు పెళ్లి సంబంధాలు చూస్తున్నారు, ఈ వైపు ఊళ్లలోనే. సోడా బండి మీద ఈగలు. ఎవరో బస్సు ఎక్కుతూ కోడిని కిటికీలోంచి లోపలికి ఇచ్చారు. చెప్పు నాయనా అన్నాను. "సరే," అని తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

ఇప్పుడు చెబుతున్నాడు. వినకూడదనుకున్నా వినిపిస్తోంది. "...ఈ కూసున్న బిడ్డే అప్పా. నా బిడ్డే. ఇట్లే చిక్కుకునె." లోపల ఆకు పరుస్తున్న చప్పుడు ఆగింది. పురుగుల చప్పుడు మాత్రం ఆగలేదు. "లోపలికి రా," అన్నాడు నంజప్ప, గొంతు తగ్గించి. "రాను. మా షెడ్డు దుమ్ము నా కాళ్లకుంటాది. నీ పంట నాకు ముఖ్యం." తర్వాత నాయన, "నంజప్పా, నీ కిటికీలకు ఏందప్పా అది?" "వల. ఊజీ ఈగకు." "ఈగ వస్తాదని కిటికీలు మూసెయ్యలేదే?" "మూస్తే గాలాడక సస్తాయి గదా పురుగులు, నీకు తెల్దా?" "నాకు తెలుసు," అన్నాడు నాయన. "ఈగ కుట్న పురుగును సూసినావు గదా, నల్లమచ్చ ఉంటాది. అది పురుగు తప్పా?" నాయనే మళ్లీ అన్నాడు, "ఈగది తప్పు. వల సూసుకోని తప్పు మనది. తలుపులు తీపిచ్చింది ఒక మహాతల్లి, నా బిడ్డ ఈ పొద్దు నీ బిడ్డకు టీచరు. నేను మాన్పిచ్చింటే నీ బిడ్డ ఎవురికి చెప్పుకోవాల?" నాయన అంత పొడుగ్గా మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. జాహ్నవి నా చెయ్యి పట్టుకుంది, పట్టుకున్నట్టు తనకు తెలియదు. నా మోచేతి మచ్చ ఆమె బొటనవేలి పక్కనే ఉంది. ఇది నాది, దవడ కిందది నాది, నాకు ఈ రెండూ తిరిగి ఇచ్చినవాళ్లు ఇద్దరు, ఒకామె పుంగనూరులో ఈపాటికి షట్టరు ఎత్తి కూర్చుని ఉంటుంది, ఇంకొకాయన అదుగో, ఎండలో, చెప్పులు లేకుండా, కాళ్లు మార్చి మార్చి నిలబడి. వాళ్లకు నేనెట్లా చెప్పాలి ఈ మాట? నాయనకు చెబితే, తిన్నావా మ్మా అంటాడు.

నంజప్ప బయటికి వచ్చాడు. రోగం అంటకుండా గడపలో పోసిన సున్నంలో కాళ్లు అద్ది, నాయన పక్కన ఎండలోనే నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కూతురి వైపు చూడలేదు, నా వైపే చూశాడు. "మేడం, పోలీస్ స్టేషన్‌కు రేపు నేను గూడా వస్తా. ఆ కంప్యూటర్లో ఏడేడ వల కట్టాల్నో అది గూడా నాకు సూపియ్యండి. నాకు రాదు, అయినా సూపియ్యండి." చూపిస్తానన్నాను. సంచిలోంచి ఫారం తీసి, బండ మీద పరిచి, పెన్ను ఇచ్చాను. ఆయన ఫారం మీద వంగి ఒక్కొక్క గడి చూశాడు, చదవగలిగినంత. వేలు ఒకచోట ఆగింది. "ఇది ఖాళీగా ఉండాదే." గుర్తింపు చిహ్నాలు. నేనే వదిలాను, ఇంటి దగ్గర అడిగి రాద్దామని, ఇది అడుగుతున్నది ఎవరో మనకు తెలుసు కాబట్టి రాయవచ్చని జాహ్నవికి చెప్పాను కూడా. జాహ్నవి నోరు తెరిచేలోపలే నంజప్ప పెన్ను నా చేతికి ఇచ్చేశాడు.

"రాసుకోండి మేడం. కుడి చెవి ఎనకాల ఒకటి. ఎడం అరికాల్లో ఒకటి, కందిబద్దంత. ఇది పుట్న పొద్దు ఆస్పత్రిలో మొదట ఎత్తుకున్నింది నేనే. నాకు తెల్దా?"

రాశాను. ఆయన సంతకం పెట్టాడు, మెల్లగా, పొల్లు పోకుండా.